నలభై వేలతో పిలిస్తే ఎవరు పలుకుతారు

నేను చెప్పబోయేదంతా అక్షరాలా నిజం. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా, ఆఫీసులు వదిలే వేళ అమీర్‌పేట చౌరస్తాలో నాకు ఒక్క ఆటో కూడా దొరక్కుండా పోవుగాక. ఇంతకంటే పెద్ద ఒట్టు నాకు తెలీదు.

కంప్యూటర్ కోర్సుల కోసం ఊళ్లకు ఊళ్లు అమీర్‌పేటలో దిగుతున్న రోజులవి. మా సీ ప్లస్ ప్లస్ క్లాసు ఎంత ఇరుకంటే, వెనక బెంచీవాడు ఆవలిస్తే ముందు బెంచీవాడు ఊపిరి బిగబట్టాల్సిందే, గాలి చాలక. ల్యాబులో మెషీన్‌కి ఇద్దరం. నా జంట మాసబ్ ట్యాంక్ నుంచి వచ్చేవాడు. నేనతన్ని భాయ్ అనేవాణ్ణి, అతనూ నన్ను భాయ్ అనేవాడు. వాళ్లన్నకి టైర్ల దుకాణం ఉంది. నెలాఖరుకల్లా ఉద్యోగం రాకపోతే వచ్చి దుకాణంలో కూర్చోవాలని అన్న తీర్పు చెప్పేశాడు.

"టైర్లు ఖరాబేం కాదు భాయ్. కానీ వాటిని ఏమడిగినా జవాబియ్యవు" అనేవాడు.

ఆ రోజు సారు చెప్పింది ఫంక్షన్ ఓవర్‌లోడింగ్. ఒకే పేరుతో రెండు ఫంక్షన్లు రాసుకోవచ్చు. ఒకటి ఇంట్ పుచ్చుకుంటుంది, అది చిన్న గిన్నె. ఇంకోటి లాంగ్ పుచ్చుకుంటుంది, అది పెద్ద గిన్నె. మనం పేరు పెట్టి పిలిచి ఒక అంకె ఇస్తే చాలు, ఎవరు పలకాలో మన రాతని మెషీన్ భాషలోకి మార్చే కంపైలరే చూసుకుంటుంది.

"టిఫిన్ సెంటర్లో పార్సిల్ అని కేకేస్తే ఇడ్లీ ఆకులోకి పోతుంది, సాంబారు కవర్లోకి పోతుంది. కేక ఒకటేగా!" అన్నారు సారు.

"గట్లయితే నలభై వేలు ఇస్తే ఎవరు పలుకుతరు సార్?" అన్నాడు భాయ్.

"లాంగ్. ఇంటర్వ్యూలో అడుగుతారు, రాసుకో."

క్లాసంతా రాసుకుంది. అమీర్‌పేట పద్ధతే అంత. ముందు జవాబు వస్తుంది. అర్థం తర్వాత, వస్తే.

భాయ్ మాత్రం ల్యాబులో కూర్చుని, రెండు ఫంక్షన్లూ తమ పేరు తాము స్క్రీన్ మీద చెప్పుకునేలా రాసి, అంకె పెంచుకుంటూ పోయాడు. ముప్ఫై రెండు వేల ఏడు వందల అరవై ఏడు దాకా ఇంటే పలికింది. ఇంకొక్కటి కలిపాడు. లాంగ్!

"ఒక్కటికే మనిషి మారిండేంది భాయ్!"

"చిన్న గిన్నె నిండిపోయింది."

"నిండింది, సరే. గక్కడికే ఎందుకు నిండాలె?"

నేను నోట్సు తెరిచి, లాంగ్ అన్న జవాబు కింద ఇంకో గీత గీసుకున్నాను.

నెలాఖర్లో పంజాగుట్టలో ఒక చిన్న కంపెనీ వాక్-ఇన్ ఇంటర్వ్యూలు పెట్టింది. వరస తోక శ్రీనగర్ కాలనీలో ఉంది. తోకలోవాళ్లకి ఇక్కడ ఏం ఇస్తున్నారో కూడా తెలీదు, లైను కనపడింది కదాని నిలబడ్డారు. ఇద్దరేసి చొప్పున లోపలికి పిలిచారు. లోపల ఒక మేడమ్, గుంటూరు మాట. ఆవిడ ముందున్న స్క్రీన్ మీద అచ్చం మన రెండు ఫంక్షన్లే.

"నలభై వేలు ఇస్తే ఏది పలుకుతుందో చెప్పండి బాబూ."

"లాంగ్!" అన్నాం ఇద్దరం, ఎక్కం అప్పజెప్పినట్టు.

"అమీర్‌పేట నుంచేనా? పొద్దుట్నుంచీ అందరిదీ ఇదే పాటండీ" అంటూ మీట నొక్కింది.

స్క్రీన్ మీద పడింది: ఇంట్.

నాకు భాయ్ వెనకాల టైర్లు దొంతరలు దొంతరలుగా లేస్తూ కనిపించాయి.

భాయ్ లేచి నిలబడ్డాడు. "మేడమ్, మా ఇన్‌స్టిట్యూట్ల కంపైలర్ పాతది. అండ్ల ఇంట్‌కు రెండే బైట్ల జాగ. మీది కొత్తది, నాలుగు బైట్లు. గిన్నె పెద్దగైంది, నలభై వేలు ఇంట్‌లనే పడుతున్నయి. మా జవాబు తప్పు కాదు, మెషీన్ మారింది!" పక్క గదుల్లోంచి ఇంజినీర్లు వచ్చి చప్పట్లు కొట్టారు. మేడమ్ భాయ్‌ని సోమవారం నుంచి రమ్మంది.

సరే, ఇక దాచను. ఆవలింతా, లైను తోకా కాస్త సాగినవే, వాటికి మీరు అలవాటు పడే ఉంటారు. కానీ ఆ ఉపన్యాసం పూర్తిగా నా కల్పన. చప్పట్లు కొట్టిందీ నేనే, ఇప్పుడు. సోమవారం నుంచి ఉద్యోగం మాత్రం నిజం. అది వచ్చిన తీరే వేరు.

ఇంట్ అని పడగానే భాయ్ స్క్రీన్ మీదికి వంగి "అరే!" అన్నాడు. "ఎందుకు మేడమ్?"

"నన్నడుగుతారేంటి, మీరు చెప్పాలి."

"నాకు తెల్వదు. జర కీబోర్డ్ ఇస్తరా, చూస్త."

ఆవిడ ఇటు జరిపింది. ఇంట్‌కి ఎన్ని బైట్లో మెషీన్‌నే అడిగాడు. నాలుగు. "మా దగ్గర రెండే!" అని గట్టిగా నవ్వి, తానొచ్చింది ఉద్యోగానికన్న సంగతే మరిచిపోయి, అంకెలు పెంచడం మొదలెట్టాడు. మూడు వందల కోట్లు ఇచ్చాడు. ఈసారి ఎవరూ పలకలేదు. ఇద్దరిలో ఎవర్ని పిలవాలో తేల్చుకోలేనని కంపైలరే మొరాయించింది.

"ఇదేంటి? పెద్ద గిన్నెలోకి పోవాలిగా?" అంది మేడమ్, కుర్చీ ఇటు లాక్కుంటూ.

"ఏమో మేడమ్, చూద్దామా?"

బయట అంత వరస ఉండగా ఇద్దరూ ఒకే స్క్రీన్‌లో తలలు దూర్చారు. నేను వెళ్లొస్తానని చెప్పాను. ఎవరూ వినలేదు.