చిట్టీ పెట్టిన పుస్తకాలు

పోయిన శుక్రవారం మా పక్కింటి అన్న పోయాడు. ఎనభై దాటినవాడు, పోవడంలో వింత లేదు. తర్వాత జరిగింది తలుచుకుంటేనే రోత.

అన్న ప్రెస్సులో అక్షరాలు పేర్చి బతికినవాడు. పని మానేశాక పాతబస్తీ ఫుట్‌పాత్‌ల మీద అచ్చు తప్పిన పుస్తకాలు ఏరేవాడు. వంటల పుస్తకం నడుమ లెక్కల పేజీలు కుట్టినవి, సగం నుంచి తలకిందులైనవి. తెచ్చి, చేతులు కడుక్కుని, తువ్వాలతో తుడిచి, తప్పున్న చోట కాగితం చిట్టీ పెట్టి నవ్వుకునేవాడు.

"మంచియి వెయ్యి అచ్చయితయి తమ్మీ. గిసొంటిది ఒక్కటే!"

నాది ఊరి బడి చదువు. కూడబలుక్కుంటూ చదువుతాను. అందుకే కొత్త పుస్తకం ముందు నాకే ఇచ్చేవాడు. "సదువుకున్నోళ్లు ఉరుకుతరు. నువ్వు నడుస్తవ్. తప్పులు నీకే దొరుకుతయి" అనేవాడు. నా చదువును మెచ్చుకున్న మనిషి ఆయనొక్కడే.

మూడో రోజు వెళ్లేసరికి అల్మారా ఖాళీ. అన్న అల్లుడు గర్వంగా చెప్పాడు.

"మంచియన్ని లైబ్రరీకి ఇస్తున్నం కాకా. ఖరాబ్ మాల్ కబాడీల తూకానికేసిన. ఏరుడు మస్తు ఆసాన్ అయింది. ఏదేది ఖరాబో మామనే చిట్టీలు పెట్టుకున్నడు!"

అతను చాయ్ ఇస్తే తాగాను. ఆ చాయ్ గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం.

మర్నాడు పొద్దున్నే గల్లీ చివర కబాడీ దుకాణానికి పోయాను. దుకాణదారు గొంతుక్కూర్చుని, పాన్ నములుతూ, అట్టలు చీరి ఒక పక్కకు, కాగితాలు ఒక పక్కకు విసురుతున్నాడు. చిట్టీలు పక్కన మోరీ నీళ్లలో తేలుతున్నాయి.

"ఆపు భాయ్!"

నా గొంతు అంత లేస్తుందని నాకే తెలియదు.

"క్యా హువా చాచా?"

"అవి మావి."

"గీ గడ్‌బడ్ కితాబులా? పేజీకి పేజీ కలుస్తలేదు. ఎవడు సదివిండు ఇవి?"

"మేమిద్దరం."

అతను నన్ను ఎగాదిగా చూసి చెయ్యి ఆపాడు. చీరనివి ఏడు మిగిలాయి. "తీస్కపో చాచా" అని పక్కకు తిరిగి ఉమ్మాడు. అది పైనున్న పుస్తకం మీద పడింది. అతను చూడనే లేదు. అక్కడే నిలబడి పంచె చెంగుతో తుడిచాను. తుడిచేకొద్దీ ఆ ఎరుపు ఒక్కో అక్షరం మీదికి మెల్లగా పాకింది.