మా కోడలి చేపతోలు

మా కోడలు స్నానాలగదిలో చేపతోళ్లు నానబెట్టిన నాటినుంచి మా ఇంట్లో ఒక్కరికీ వేళకి స్నానం లేదు. తొట్టెలో తోళ్లు, బకెట్లో తోళ్లు, ఆఖరికి నేను బియ్యం కడిగే గిన్నెలో కూడా తోళ్లే.

"అమ్మాయ్, ఈ పూట నేను ఒళ్లు కడుక్కోవాలా, వద్దా?" అని తలుపు బాదితే, లోపల్నించి "ఒక్క నిమిషం అత్తయ్యా, నీళ్లు మార్చేసి వస్తున్నా" అనేది. ఆ ఒక్క నిమిషంలో నేను అన్నం వండి, వార్చి, చల్లారబెట్టుకుని తినొచ్చు.

తనని నేను తిట్టని రోజు లేదు. అయినా తన సంగతి నేనే చెప్తాను. ఇంకొకళ్లకి వదిలేస్తే లేనిపోని మెరుగులు పెడతారు.

మా వాడు నదిమీద వల వేస్తాడు. కోడలు రేవు పక్కన చేపల దుకాణంలో కోత పని చేసేది. చేతిలో కత్తి ఉంటే చాలు, కండ ఒకవైపు, ముల్లు ఒకవైపు, చూస్తుండగానే చేప విడిపోయేది. కానీ పొద్దస్తమానం ఐసు బల్ల మీదే కదా చేతులు! పొద్దున లేచేసరికి వేళ్లు కొయ్యబారిపోయేవి. గుండీలు పెట్టుకోడానికి మా మనవరాల్ని పిలిచేది. ఇలాగే కోస్తూ పోతే రేపు గ్లాసు కూడా ఎత్తలేవని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. సరే, మానేసి ఏం చెయ్యాలి? అది డాక్టరమ్మ చెప్పలేదు.

ఆ దుకాణంలో చర్మాలన్నీ చెత్తబుట్టలోకే పోయేవి. ఓసారి ఒకటి గోడకి అతుక్కుని ఎండిపోయింది. మా కోడలు దాన్ని ఊడబీకి చించబోతే చిరగలేదు. కాలితో తొక్కిపట్టి లాగినా చిరగలేదు. దాన్ని పట్టుకుని తిన్నగా వీధి మొగలో చెప్పులు కుట్టే తాత దగ్గరికి పోయింది. ఆయన అటూ ఇటూ తిప్పిచూసి, "తుమ్మచెక్క కషాయంలో నానబెట్టి చూడవే పిల్లా. తోలన్నాక ఏ జీవిదైనా తోలేగా" అన్నాడట. అంతే, మా స్నానాలగదికి శని పట్టింది.

మొదటి విడత కుళ్లిపోయింది. రెండో విడత కుళ్లలేదు కానీ కంపు పోలేదు. తను బయటికి అడుగు పెడితే వీధిలో పిల్లులన్నీ వెనకాలే ఊరేగింపు. పక్కింటావిడ కిటికీలు మూసుకుని, మూసిన కిటికీ వెనకనుంచే నన్ను అడిగేది, "వదినా, మీ ఇంట్లో ఎవరైనా పోయారా?" అని.

"ఇంకా లేదు. నువ్వొస్తే మొదలెడదాం" అనేదాన్ని.

అలా చెడగొట్టి చెడగొట్టి చివరికి పట్టేసింది. మొండి కత్తితో కండంతా గీకెయ్యడం, సబ్బునీళ్లలో జిడ్డు పోగొట్టడం, చెక్క కషాయం మొదట పల్చగా, తర్వాత చిక్కగా పట్టించడం, నూనె రాసి బల్ల అంచుమీద అటూ ఇటూ లాగుతూ ఆరబెట్టడం. ఆరేసరికి కంపు లేదు, గింపు లేదు. ముదురు టీ రంగులో మెత్తగా, పొలుసులు ఊడిన చోటల్లా చిన్న చిన్న గూళ్లతో, అచ్చం వల అల్లినట్టు. నేను కూడా ఓసారి చెంపకి ఆనించుకుని చూశాను. తను చూడనప్పుడు లెండి.

ఆ తోలుతో కుట్టిన చిన్న పర్సు చేతులు మారి చేతులు మారి, ఖరీదైన సంచులు కుట్టించి అమ్మే ఒకావిడ కంటపడింది. ఆవిడ వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చింది. "ఒక్కటి బాగా రావడం గొప్ప కాదమ్మా. ఒక కట్ట చూపించు. అన్నీ ఇలాగే ఉంటే నువ్వు చేసినంతా నేనే తీసుకుంటా. నది తెరిచేలోపు మళ్లీ వస్తా" అంది.

నది తెరవడం అంటే ఏమిటంటారా? చేపలు గుడ్లు పెట్టే కాలంలో మా రేవులో ఎవరూ వల దించరు. ఏ ప్రభుత్వమూ చెప్పింది కాదు, మావాళ్లు పెట్టుకున్న కట్టుబాటే. ఒకప్పుడు దోమతెరల్లాంటి వలలేసి పిల్లచేపల్ని కూడా ఊడ్చేశారు. ఆ తర్వాత వలలో నాచు తప్ప ఏమీ పడక నోళ్లు వెళ్లబెట్టారు. అప్పుడొచ్చింది బుద్ధి. ఇప్పుడు మూడు వేళ్లు దూరేంత కన్ను ఉన్న వలే వెయ్యాలి, గుడ్ల కాలంలో అసలు వెయ్యకూడదు.

ఆ కాలం మొదలయ్యే ముందురోజు దుకాణంలో కోసిన చర్మాలన్నీ మా కోడలు మూటగట్టి తెచ్చుకుంది. దుకాణం ఆసామీ వెనకనుంచి కేకేశాడట: "నది తెరిచిన రోజు బల్ల దగ్గర నువ్వు లేకపోతే వేరేవాళ్లని పెట్టుకుంటా. తర్వాత ఏడవద్దు!"

అంటే ఆ కట్ట కుదిరితే సంచులావిడ, కుదరకపోతే మళ్లీ ఐసు.

తోళ్లు గీకి, కడిగి, తొట్టెలో చన్నీళ్లు పోసి, తను తుమ్మచెక్క కోసం వెళ్లింది. మా వాడు ఇంట్లోనే ఉన్నాడు. నదిమీద పని లేదుగా, వాడి బుర్ర ఊరికే ఉండదు. తొట్టెలో చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా తగిలింది. పాపం, పెళ్లాం చేతులు గుర్తొచ్చాయి. కెటిల్ తర్వాత కెటిల్ నీళ్లు మరగబెట్టి, తెచ్చి కుమ్మరించాడు.

పుట్టినప్పటినుంచీ వాడు చేపని వలలో చూశాడు, కంచంలో చూశాడు. మధ్యలో ఏం జరుగుతుందో వాడికేం తెలుసు? పచ్చి చేపతోలుకి వేడి తగిలితే ఇంకేముంది. తను వచ్చేసరికి తోళ్లన్నీ ముడుచుకుపోయి, వేలితో ఎత్తితే బంకలా సాగుతున్నాయి.

మా కోడలు తొట్టె అంచుమీద కూలబడి, ఒక్కో తోలూ ఎత్తి చూసింది.

"నీ చేతులకి వెచ్చగా ఉంటుందని..." అని నసిగాడు వీడు.

"ప్రేమతో ఉడకబెట్టావు కదరా! కాస్త ఉప్పూ కారం కూడా వెయ్యకపోయావా?" అన్నాను నేను. 

మర్నాడు వాడు వల భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. "మలుపు అవతలికి పోయి ఒక్కసారి వల వేసొస్తా. ఎవరు చూస్తారు?"

మా కోడలు వల కొస పట్టుకుని లాగింది. అది కిందపడగానే దానిమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"లేవే."

"లేవను. గుడ్లతో ఉన్నదాన్ని కోసి నేను సంచులు కుట్టించాలా? దానికంటే ఐసు మేలు."

"మరి ఆవిడకేం చూపిస్తావే?"

"తెలీదు. నువ్వు మాత్రం వెళ్లకు."

పొద్దెక్కేదాకా తను వలమీద, వాడు గుమ్మంలో. నాకు ఆకలేసింది. ఈ పంతాలు తేలేవి కావని లేచి, వంటింట్లో జాడీ మూత తీసి ఉప్పుచేప ఒకటి పైకి తీశాను. వేట లేని రోజులకి మా వీధిలో అందరూ చివరి రోజు పట్టిన చేపల్ని చీల్చి జాడీల్లో ఉప్పేసి పెట్టుకుంటారు. ముక్కలు చేద్దామని కత్తి పెట్టానో లేదో, వలమీదున్న మనిషి ఒక్క గెంతులో వంటింట్లో ఉంది.

"కొయ్యకండి అత్తయ్యా! ఆ చర్మం..."

చేప నా చేతిలోంచి ఎగిరిపోయింది. చన్నీళ్లలో ఉప్పు విడిచేదాకా నానబెట్టి, అంచుపట్టి మెల్లగా లాగింది. చర్మం చెక్కుచెదరకుండా ఊడివచ్చింది. చెప్పులు కుట్టే తాత కూడా దాన్ని చూసి, పచ్చి తోలు చెడకుండా తామూ ఉప్పులోనే దాస్తామన్నాడు.

ఇక నడుం బిగించి ఇల్లిల్లూ తిరిగాం. చేప మీకే, చర్మం మాకు.

"చర్మం ఒలిచేసిన చేపని ఎలా తినను? మొహం కడుక్కోని పెళ్లికూతురిలా ఉంటుంది" అని ఒకావిడ.

"నీ మొగుడు నిన్ను చూస్తూ ఇన్నేళ్లు తిన్నాడుగా, ఆ చేపకేం?" అన్నాను. నవ్వుకుంటూనే ఇచ్చింది.

గట్టిగా నిలబడింది మా తోడికోడలు ఒక్కతే. దానికి చర్మం కరకరలాడించి తినడమంటే ప్రాణం. "నా జాడీ జోలికి రాకక్కా, చెప్తున్నా" అంది.

మా కోడలు చేతులు చాపి, వేళ్లు మడవబోయింది. సగం దాకా వచ్చి ఆగిపోయాయి. మా తోడికోడలు ఆ వేళ్లవంక చూసి, జాడీని కాలితో ఇటు తోసింది. "తీసుకుపో. కంపు మాత్రం మా వైపు రానివ్వకు."

ఈసారి మా వాణ్ణి కెటిల్ ముట్టనివ్వలేదు. చెక్క దంచడం, తొట్టెకి నీళ్లు మోయడం వాడికే. మరిగించిన కషాయం పూర్తిగా చల్లారిందో లేదో నన్ను వేలు పెట్టి చూడమనేది మా కోడలు. మొగుణ్ణి నమ్మేది కాదు.

సంచులావిడ అన్నమాట ప్రకారం వచ్చింది. ఒక్కో తోలూ లాగింది, మడిచింది, వాసన చూసింది, వెలుతురుకి పెట్టి చూసింది. 

"నాణ్యంగా ఉన్నాయి. కానీ ఇంకా వెడల్పువి కావాలి. కోటు కుట్టించాలని నా ఆలోచన. పెద్ద చేపలు పట్టరా మీరు?"

మా వాడు తలుపు చాటునుంచి, "పెద్దవి తల్లి చేపలండీ. వలలో పడినా వదిలేస్తాం" అన్నాడు.

ఆవిడ మా కోడలివైపు తిరిగింది. ఇప్పుడు ఔనంటే చాలు, ఐసు బల్ల తప్పిపోతుంది. తను తల అడ్డంగా ఊపింది. "ఇంతకంటే పెద్దవి రావండి. ఇష్టమైతే తీసుకోండి."

ఆవిడ ఆ తోళ్లని చాపమీద పరిచి, జరిపి, మళ్లీ పరిచి చాలాసేపు చూసుకుంది. "సరే, కోటు మానేస్తా. పర్సులకీ బెల్టులకీ ఇవే చాలు. నది తెరిచాక మొదలుపెట్టు" అంది.

నది తెరిచిన రోజు దుకాణం ఆసామీ స్వయంగా మా గుమ్మం ముందుకొచ్చాడు. "ఏదీ మీ కోడలు? చేపలు వచ్చి పడ్డాయి, బల్ల ఖాళీగా ఉంది!"

"దాని చేతులు ఖాళీ లేవు. నీకూ ఉన్నాయిగా రెండు, కోసుకో" అన్నాను.

గొణుక్కుంటూ మెట్లు దిగుతుంటే స్నానాలగదిలోంచి మా కోడలి గొంతు వినిపించింది. "అత్తయ్యా, చర్మాలు పారెయ్యొద్దని చెప్పండి, మనం తీసుకుంటాం. కత్తి మొన తగలకుండా వొలవమనండి. చిల్లు పడినవి నాకొద్దు!"

ఆయన మెట్టుమీద ఆగి నా మొహంలోకి చూశాడు.

"విన్నావుగా," అన్నాను, "జాగ్రత్తగా వొలువు."