పోస్టరు వెనక బీట

నా చిన్నప్పుడు జగ్గయ్యపేటలో మా ఇంటి వెనకే సినిమా హాలు ఉండేది. ఆటకి ముందు పాటలు పెడితే మా వంటింట్లో గిన్నెలు అదిరేవి. మా సందు వైపు హాలు గోడకి కొత్త పోస్టరు అంటించిన కొద్ది రోజులకే అది నిలువునా, ఎప్పుడూ ఒకే చోట, చిరిగిపోయేది. మేకలు తిన్నాయనేవారు, లేదంటే పిల్లలం చించామని మమ్మల్ని తిట్టేవారు. పక్కింటి అక్క ఒకరోజు నా వేలు పట్టుకుని ఆ చిరుగు మీద పెట్టింది. లోపల్నించి చల్లటి గాలి తగిలింది.

"గోడ కదుల్తోందే," అంది.

వెళ్ళి మేనేజరుకి చెప్పింది. ఆయన నవ్వి, ఇంకా పెద్ద పోస్టరు వేయించాడు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ వారం మ్యాట్నీకి ఆడవాళ్ళ బెంచీలు చంటిపిల్లలతో సహా నిండిపోయాయి. ఆ బెంచీలు సరిగ్గా ఆ గోడ పక్కనే. ఊరి బయట క్వారీలో రాయి పేల్చినప్పుడల్లా హాలు అదరడం మాకు అలవాటే. ఆ రోజు మాత్రం అదురు ఆగాక కూడా గోడ మీంచి సున్నం మా తలల మీద రాలుతూనే ఉంది. ఎవరూ తెర మీంచి తల తిప్పలేదు. అక్క బెంచీ ఎక్కి, "పాము! పాము!" అని అరిచింది. క్షణంలో అందరం బయటపడ్డాం.

పాము లేదు. గోడా పడలేదు. మేనేజరు అక్కని మళ్ళీ హాల్లోకి రానివ్వలేదు. ఆడవాళ్ళు ఆమెకి పాములక్క అని పేరు పెట్టారు. అబద్ధం ఎందుకు చెప్పావని ఏడుస్తూ అడిగాను.

"గోడ పడుద్దంటే ఎవరు లేస్తారే? పామంటేనే కదా లేచేది!"

మర్నాడు అవే బెంచీలు మళ్ళీ నిండాయి.

అక్క ఆ పేరుతోనే పోయింది. రెండేళ్ళ కిందట షాపింగ్ కాంప్లెక్సు కోసం హాలు పడగొడుతుంటే చూడ్డానికి వెళ్ళాను. ఆ గోడ మీద పోస్టర్ల మీద పోస్టర్లు పడి దళసరి అట్టలా బిగుసుకున్నాయి. అది ఒలిచి ఒక పనివాడు బీటలో చెయ్యి పెడితే మోచేతి దాకా దూరింది.

"ఇందులో ఇన్నాళ్ళు ఆటలెట్టా ఆడించారండీ?" అన్నాడు.

అమ్మ ఒళ్ళో తమ్ముడు, పక్కన నేను, ఆ గోడకే చేరగిలబడి ఎన్ని సినిమాలు చూశామో.

కొత్త కాంప్లెక్సుకి బయటంతా అద్దాలు, లోపలంతా మెరిసే పలకలు. ఊరంతా బాగుందంటోంది. వెనక గోడ ఎలా ఉందో చూద్దామంటే ఎక్కడా వీల్లేదు. అక్క నాకు మిగిల్చింది గోడల్ని నమ్మని ఈ భయమే, దాన్ని పోగొట్టుకోవాలని లేదు. మనవరాలు లోపలికి రమ్మని చెయ్యి లాగుతుంది. నేను తలుపు దగ్గరే నిలబడి, అవసరమొస్తే ఈ జనానికి ఏమని అరవాలా అని ఆలోచిస్తూ ఉంటాను.