శనగలు లేని జూదం

బిజెర్త్ పట్నం పాత రేవులో టిజానీ కాఫీ కొట్టు ఉంది. అక్కడ పేకముక్క వెయ్యరు, బల్ల అదిరేలా కొడతారు. వాళ్ళ ఆటలో అన్నిటికన్నా విలువైన డైమన్ ఏడు చేతికొచ్చినవాడి మొహం చూసి తీరాలి. దాచుకుందామనుకుంటూనే చెవుల దాకా నవ్వుతాడు. ఓడినవాళ్ళు బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ కాఫీ ఇప్పించాలి. ఎన్నేళ్ళుగానో ఇదే వరస. ఇది జూదం కాదా అని ఎవడైనా అడిగాడా, వాడి పని అయిపోయినట్టే. జూదం హరాం, కాఫీ ఇప్పించడం మర్యాద, ఆ మాత్రం తెలీదా అని నలుగురూ కలిసి దులిపేస్తారు.

అలాంటి చోట మూలబల్ల ఒక ఆడపిల్ల చేతికి ఎలా వచ్చిందన్నది చెప్పుకోదగ్గ సంగతే.

ఆమె పేరు సుందుస్. పిల్ల అంటున్నాం గానీ ముప్పై దాటిన మనిషి. మార్కెట్ వెనక మందుల షాపులో కౌంటర్ దగ్గర నిలబడుతుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఊరందరి దగ్గులూ, మోకాళ్ళ నొప్పులూ, కడుపుబ్బరాలూ వింటుంది. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆమె ఒక రేవుపట్నానికి యజమాని. ఆ పట్నం పేరు జర్కా. ఏ పటంలోనూ ఉండదు, ఆమె తలలో ఉంటుంది. అందులో మాట్లాడే చేపలున్నాయి, ఉప్పుతో కట్టిన కోట ఉంది, గాలిని సీసాల్లో పట్టి అమ్మే వర్తకులున్నారు. ఆమె కథ చెబుతూ ఉంటే ఎలక్ట్రీషియన్ వజ్దీ, బడిపంతులమ్మ ఇనాస్ అందులో దొంగలుగానో నావికులుగానో మారి మాట్లాడతారు. గోడ దూకారా, కాలు విరిగిందా అన్నది పాచికలు తేలుస్తాయి. లోకమంతటా కుర్రకారు ఆడే ఆటే ఇది. మా రేవులో మాత్రం వింత.

ఇంట్లో అక్క పిల్లల గోల. వజ్దీ దుకాణంలో వైర్ల చుట్టలు తప్ప కాలు పెట్టే చోటు లేదు. ఆ మూలబల్ల పోతే జర్కా పట్నం పోయినట్టే. అందుకే ఒక ఆదివారం టిజానీ తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి నిలబడగానే సుందుస్ పాచికలు గుప్పిట్లో దాచేసింది.

"అమ్మాయ్, ఇది కాఫీ కొట్టు. మంత్రాల బడి కాదు. పేకాడేవాళ్ళు నిలబడి ఉంటే మీరు కూర్చుని చేపలతో మాట్లాడుతున్నారు. మూలబల్ల పేకాడేవాళ్ళది."

"మాకూ పేకాట ఉంది బాబాయ్" అంది సుందుస్. లేదు. ఆ క్షణంలోనే పుట్టింది. "జర్కా నావికులు సారాకొట్టులో పందేలు కాస్తారు. ఆ ఆట నేనే తయారు చేస్తున్నాను."

టిజానీ మీసం దువ్వుకున్నాడు. "సరే, తయారు చెయ్యి. మా వాళ్ళ చేత ఆడించు. ఒకసారి ఎవడైనా నీ మొహం చూసి ఆడతాడు. రెండోసారి వాళ్ళంతట వాళ్ళు నోరు తెరిచి అడిగితే బల్ల నీది. అడగలేదంటే ఆ పాచికలు సర్దుకో."

వారమంతా సుందుస్ తల బద్దలు కొట్టుకుంది. దగ్గుమందు ఇస్తూ ముక్కలు లెక్కేసుకుంది. చివరికి ఆట తేలింది. తలా మూడు ముక్కలు; ఆసు ఒకటే, రాజు అన్నిటికన్నా పెద్ద, మొత్తం ఎక్కువున్నవాడిదే గెలుపు. నమ్మకం ఉంటే పందెం పెంచు, లేకపోతే తప్పుకో. బంగారు నాణేలకి బదులు ఒక గిన్నెడు శనగలు తెచ్చి బల్ల మీద పోసింది.

హాజీ లారూసి ఆ శనగల వంక పామును చూసినట్టు చూశాడు.

హాజీ లారూసి అంటే ఆ కొట్టుకి పెద్దదిక్కు. నలభై ఏళ్ళు సముద్రం మీద బతికినవాడు. కళ్ళు మసకబారాక, పోయిన చలికాలం పడవ అమ్మేశాడు. దాని పేరు సల్హా, వాళ్ళమ్మ పేరు. కొన్నవాడు నీలంగా ఉన్నదానికి ఆకుపచ్చ రంగు పూసి, అదే రేవులో, కొట్టుకి ఎదురుగానే కడుతున్నాడు. అప్పట్నుంచీ హాజీ నీళ్ళకి వీపు పెట్టి కూర్చుంటాడు. ఎందుకని ఎవరూ అడగరు.

"ఇవేమిటి?" అన్నాడు హాజీ.

"శనగలు హాజీ. నాణేలనుకోవాలి."

"నాణేలనుకుంటే జూదమనుకోవాలి. మక్కా వెళ్ళొచ్చిన చేత్తో ముట్టుకోను."

"లేని ఊళ్ళో, లేని డబ్బు హాజీ. వేయించుకు తినే శనగలు."

"అయితే వేయించుకు తిను."

పక్కనున్న మంగలి ఖ్మైస్ నాలుగు గింజలు నోట్లో వేసుకుని, "పచ్చివి. నాణేలుగానే నయం" అన్నాడు. కొట్టంతా నవ్వింది. ఖ్మైస్ మర్యాదకి రెండు చేతులు ఆడి, ఆవులించి లేచిపోయాడు. ఓడితే రెండు గింజలు పోతాయి, గెలిస్తే రెండొస్తాయి. ఏ మనిషికి ఒళ్ళు వేడెక్కుతుంది? టిజానీ వచ్చే ఆదివారం ఆఖరు అన్నట్టు వేలు చూపించి వెళ్ళాడు.

సుందుస్‌కి ఏడుపొచ్చింది. దానికన్నా ఎక్కువగా ఆశ్చర్యం వేసింది. శనగగింజ ముట్టుకోని మనిషి కాఫీ కోసం నిన్న గొంతు చించుకున్నాడు. ఏమిటిది? ఓడినప్పుడు వీళ్ళకి పోయేది నిజంగా ఏమిటి? ఆ సంగతి తేల్చుకుందామని పని అయ్యాక రోజూ వచ్చి, కాఫీ తాగుతున్నట్టు నటిస్తూ వాళ్ళనే చూస్తూ కూర్చుంది.

ఒక సాయంత్రం మంగలి ఖ్మైస్ తను పట్టిన ఆక్టోపస్ గురించి చెబుతున్నాడు. మొదట మూరెడుంది. కాఫీ వచ్చేసరికి బారెడైంది. కప్పు ఖాళీ అయ్యేసరికి పడవని చుట్టేసింది. వింటున్నవాళ్ళలో ఒక్కడు నమ్మితే ఒట్టు. అయినా అందరూ "తబారకల్లా" అంటూ దేవుణ్ణి పొగిడి తల ఊపుతున్నారు. చివరికి హాజీ ఉండబట్టలేక, "ఏదీ, దాని కాలొకటి తెచ్చి చూపించు" అన్నాడు. ఖ్మైస్ మొహం మాడిపోయింది. ఆ మాడిన మొహం చూడటం కోసమే అందరూ అంతసేపు కాచుకుని కూర్చున్నారని సుందుస్‌కి అర్థమైంది. వీళ్ళు పందెం కాసేది డబ్బు కాదు, మాట. ఇంటికి నడిచి వెళ్ళలేదు, దాదాపు పరిగెత్తింది.

ఆదివారం వచ్చింది. బల్ల మీద పేకముక్కలు తప్ప ఏమీ లేవు.

"జర్కా రేవు దీపస్తంభంలో ఒక కన్ను ఉంటుంది" అని మొదలుపెట్టింది సుందుస్. "అక్కడా జూదం నేరమే. బల్ల మీద నాణెం కనిపించిందా, కన్ను ఎర్రబడుతుంది, ఆడినవాడి వలలు కాలిపోతాయి. కానీ దానికి చెవులు లేవు. అందుకని నావికులు పందెం నోటితో కాస్తారు. ముక్కలు చూసుకుని, జర్కాలో నాకు ఫలానాది ఉంది అనాలి. తరవాతివాడు దానికన్నా గొప్పది ఏదైనా అనొచ్చు, లేదా తబారకల్లా అని తప్పుకోవచ్చు. నమ్మకపోతే చూపించు అనాలి. అప్పుడు ముక్కలు తిప్పుతారు. ఎక్కువున్నవాడు ఎదుటివాడు చెప్పుకున్నది పట్టుకుపోతాడు."

"కాఫీ?" అన్నాడు ఖ్మైస్.

"ఆఖర్న ఓడినవాళ్ళు ఇప్పించాలి. అది మర్యాద."

హాజీ ముక్కల వైపు చెయ్యి చాపాడు. "కన్ను మంచి పని చేస్తోంది. పంచు."

ఇక చూడాలి. ఖ్మైస్ తనకి పాడే మేక ఉందన్నాడు. వజ్దీ మేకల మంద ఉందన్నాడు. హాజీ ఆ మందని మేపే కొండ తనదే, కౌలు బాకీ ఉన్నారు అన్నాడు. "చూపించు" అని ఖ్మైస్ అరిచి కొండ గెలుచుకుని, కుర్చీలో కొండంత ఒరిగి కూర్చున్నాడు. పక్కబల్లవాళ్ళు కుర్చీలు ఇటు తిప్పుకున్నారు. హాజీ ఒక్కొక్కటే పోగొట్టుకున్నాడు: కొండ పోయింది, ఉప్పుకోటలో గది పోయింది, గాలిసీసాలు పోయాయి. ఆయన మెడ ఎర్రబడింది. తరవాతి చేతికి ముక్కలు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"నాకు సల్హా ఉంది" అన్నాడు.

ఆయన వీపు వెనక ఆకుపచ్చ పడవ తాడు మీద ఊగుతోంది.

"తబారకల్లా" అన్నాడు ఖ్మైస్ గబగబా. "తబారకల్లా" అన్నాడు వజ్దీ. సుందుస్ చేతిలో రెండు రాజులున్నాయి. అయినా ఆమె కూడా తల వంచుకుని ఆ మాటే అంది.

హాజీ తన ముక్కలు తనే తిప్పాడు. ఆసు, రెండు, మూడు. ఇంతకన్నా దరిద్రమైన చెయ్యి ఉండదు.

"దీనికి ముగ్గురూ భయపడ్డారా?" అని కసిరాడు. "నేనిక్కడికి ముష్టికి వచ్చాననుకున్నారా? పేకాటలో జాలేమిటి? మీరూ మీ ఆటానూ." కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. దూరంగా టిజానీ తువ్వాలు తీసుకున్నాడు, బల్ల తుడవడానికి.

సుందుస్‌కి బల్ల పోతుందన్న భయం కన్నా సిగ్గు ఎక్కువైంది. ఆయన అందరి ముందూ పేరెత్తి పందెం కాస్తే, తను దాన్ని రోగి మందుచీటీలా జాలిగా అందుకుంది.

"కూర్చోండి హాజీ" అంది. "తప్పు చేశాం. మళ్ళీ పంచుతాను. ఈసారి దమ్ముంటే ఆ మాట మళ్ళీ అనండి."

కొట్టులో ఎవరో దగ్గారు. హాజీతో దమ్ముంటే అన్నవాళ్ళు ఈ మధ్యకాలంలో లేరు. ఆయన ఆమెని ఎగాదిగా చూసి కూర్చున్నాడు. ముక్కలు ఎత్తాడు. ఈసారి చెవుల దాకా రాబోయిన నవ్వుని ఆపుకోలేకపోయాడు.

"సల్హా ఉంది. నీలం పడవ. నా చేత్తో రంగేశాను."

సుందుస్ తన ముక్కలు చూసుకుంది. మంచివే. చాలుతాయో లేదో తెలీదు.

"చూపించండి" అంది.

ఆయన బల్ల అదిరేలా కొట్టాడు: రాజు, రాజు, ఏడు. ఆమె మెల్లగా పరిచింది: రాజు, రాజు, రాణి. ఏడు మీద రాణి గెలిచింది.

హాజీ ఆ ఆరు ముక్కల్నీ వేలితో ఒక్కొక్కటే తాకి చూశాడు. ఎవరి వంకా చూడకుండా కుర్చీ ఎత్తి, అటు తిప్పి, నీళ్ళకేసి మొహం పెట్టి కూర్చున్నాడు. ఆ తరవాత చెయ్యెత్తాడు.

"టిజానీ, అందరికీ కాఫీ. వచ్చే ఆదివారం ఈ మూలబల్ల ఎవరికీ ఇవ్వకు. ఈ పిల్ల నా పడవ పట్టుకుపోయింది, తెచ్చుకోవాలి."

టిజానీ తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

"అంతదాకా దాన్ని నీ రేవులోనే కట్టుకో అమ్మాయ్" అన్నాడు హాజీ, రేవు మీంచి చూపు తిప్పకుండా. "రంగు మాత్రం మార్చకు."