నాయన కార్డు మీద రెండు వందల యాభై

నాయన పేరున్న కార్డు మీద 250 అన్న అంకె నేను రెండుసార్లు చూశాను. దయ్యాలనూ శకునాలనూ నేను ఏనాడూ నమ్మలేదు. బి.ఎస్సీ. చదివాను. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పలేను.

మూడేళ్ల కిందటి మాట. తిరుపతిలో ఒక ఆసుపత్రి రికార్డు గదిలో పనిచేసేదాన్ని. ఇంటికి వెళ్లిపోయిన రోగుల కేసు షీట్లు చూసి, డాక్టరు రాసిన జబ్బుకు లావుపాటి పుస్తకంలో అంకె వెతికి, కార్డు మీద వేయాలి. మానని పుండుకు 707. షుగరుకు 250. 250 పడిన కార్డులు షుగరు డాక్టరు దగ్గరికి వెళ్లేవి. ఆయన ఆ రోగులను మళ్లీ పిలిపించేవారు.

నాయన మొక్కు కోసం చెప్పుల్లేకుండా ఎండలో కొండెక్కారు. అరికాలు బొబ్బలెక్కి పుండైంది. మా ఆసుపత్రిలోనే నాలుగు రోజులుండి, చిత్తూరు దగ్గర మా ఊరికి వెళ్లిపోయారు.

"నొప్పే లేదమ్మా, దీనికింత కట్టెందుకు?" అని నవ్వారు.

మొక్కుకు నడిచి పుండ్లుపడిన కాళ్లు మాకు రోజూ వచ్చేవే. ఎవరూ మూత్రం పరీక్ష చేయించలేదు. నేనూ అడగలేదు.

షీటులో ఉన్నది పుండు ఒక్కటే. 707 వేశాను. మధ్యాహ్నం చూస్తే 250.

"అక్కా, నువ్వు రాసినావా?" అని పక్క బల్ల కమలక్కను అడిగాను.

"నాకేం పని లేదా పాపా? ఈ కోడిగుడ్డు సున్నా నీది కాదా? అయినా మీ నాయనకు షుగరేంది, గుండ్రాయి మాదిరి ఉండే మనిషికి!"

నవ్వేసి, కార్డు చించి, కొత్తది రాశాను. 707. కమలక్క చూస్తుండగానే సొరుగులో పెట్టి తాళం వేశాను. మర్నాడు తీస్తే మళ్లీ 250. నా చేతిరాతే.

షీటులో లేని జబ్బు కార్డు మీదికి రాకూడదు. సొంత నాయన కార్డే తప్పు రాసిందని అనిపించుకోవడం నాకు నామోషీ. రెండోదీ చించేశాను. ఒకసారి వచ్చిపొమ్మని ఊరికి ఉత్తరం ముక్క రాసి ఉంటే సరిపోయేది. పరీక్షకు పది నిమిషాలు పట్టేది.

మూడు వారాలకు నాయనను జీపులో తెచ్చారు. కాలివేళ్లు నల్లబడి వాసన వస్తున్నాయి. షుగరు అప్పుడు బయటపడింది; దానివల్లే అరికాలు మొద్దుబారి నొప్పి తెలియలేదన్నారు. మోకాలి కింద కాలు తీసేశారు.

పరాకుగా నేనే రాశానేమో అనుకున్నాను. మరి తాళం వేసిన సొరుగులో ఎలా? తాళంచెవి నా దగ్గరే ఉండింది. పిల్లలు నిద్రపోయాక వాళ్ల అరికాళ్లు తడిమి చూడనిదే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఆపరేషను మర్నాటి పొద్దున నా పెద్దకూతురు అడిగింది, "తాత నొప్పి పుడతాందని ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అని.

చిన్నవాడు కూడా నా ముఖంలోకే చూస్తున్నాడు.

"తాతకు నొప్పి తెల్లేదు పాపా," అన్నాను. "అమ్మకు రెండుసార్లు తెలిసినాది. అమ్మే చెప్పలా."