తాళి తియ్యనన్న కోమలి

ఊర్లోవాళ్ల కథలన్నీ అడగతారు గానీ, నా చెల్లెలు కోమలి ఎట్ల పోయిందని ఒక్కరన్నా అడిగినారా? నోర్లు పడిపోయినాయా? పలమనేరులో ఆవులు మేపుకోని బతికింది అది. రొమ్ములో గడ్డ తగిలితే మొగుడు వరదయ్య తిరుపతి ఆసుపత్రికి పిల్చుకోని పోయినాడు. ఎక్స్‌రే తీసే పాప, "మెడలో తాళి తియ్యమ్మా, ఫోటోకి అడ్డమొస్తాది" అనింది. కోమలి తియ్యనంటే తియ్యననింది.

"పసుపుకొమ్ము కట్టుకో. ఫోటో అయినాక తాళి నేనే మళ్లా కడతా" అని వరదయ్య బతిమాలినాడు.

"రెండో పెండ్లికి అంత తొందరా నీకు? నేను తీస్తే, నీకేమన్నా అయితే?" అనేసి, ఫోటో తీయించుకోకుండానే ఇంటికొచ్చేసింది.

ఏడాదికి గడ్డ పగిలి పుండయింది. అప్పుడు తనే తాళి తీసి వరదయ్య చేతిలో పెట్టి, "పోదాం పా" అనింది. అప్పటికే జబ్బు ఊపిరితిత్తులకు పాకినట్టు ఫోటోల్లో కనపడింది. మందులు పనిచెయ్యలేదు. సచ్చిపోయినప్పుడు దానికి నలభై ఆరేండ్లు.