పై లిఫ్టుకు సంతకం పెట్టని మాహ్‌రుఖ్

సెఫీద్‌కమర్ మంచుకొండ మీద స్కీయింగ్ చెయ్యడానికి టెహ్రాన్ నుంచి వచ్చేవాళ్ళంటే మాహ్‌రుఖ్‌కి ఒళ్ళుమంట. రంగురంగుల కోట్లు, ముఖాన్ని సగం కప్పేసే కళ్ళద్దాలు, ఒకటే ప్రశ్న: "రేపు కొత్త మంచు పడుతుందా?" ఆ మంచుని కింది పాత మంచు మోస్తుందో లేదో ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు. లిఫ్టు మెకానిక్కు కూతురుగా పుట్టి, పంతొమ్మిదో ఏట మంచు కొలిచే కర్ర చేతబట్టి, ఇరవై ఆరేళ్ళుగా ఆ కొండకి వాతావరణం చెబుతున్నది ఆమే. అందరూ ఆమెని ‘ఖానుమ్’ అంటారు, అమ్మగారని. పొద్దున ఆమె సంతకం పెడితేగాని జనాన్ని తీగ మీద పై వాలుకి చేర్చే పై లిఫ్టు కదలదు.

ఆ బుధవారం మధ్యాహ్నం నుంచి గాలిపీడనం పడిపోతూనే ఉంది. కాస్పియన్ సముద్రం మీది తేమనంతా ఊడ్చుకుని చలిగాలి శిఖరం వైపు వస్తోంది. నాలుగింటికి హోటల్ వసారాలో బోర్డు మీద ఆమె రాసింది: ‘ఈ రాత్రి డెబ్భై సెంటీమీటర్లు. రేపు పై లిఫ్టు మూత.’

టెహ్రాన్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు కూషా తన ఫోను తెచ్చి ఆమె ముఖం ముందు పెట్టాడు. "ఖానుమ్, ఇందులో పన్నెండే అంటోంది. మీకు డెబ్భై ఎక్కడ కనిపించింది?"

"ఆ ఫోను ఎప్పుడైనా ఈ కొండెక్కిందా డాక్టరు గారూ?"

అతిథులు గదులు ఖాళీ చేస్తారని హోటల్ మేనేజరు బర్జీన్‌కి భయం. నవ్వుతూ వచ్చి డెబ్భై చెరిపి పదిహేను రాశాడు. మూత మాటా తుడిచేశాడు. "జనాన్ని మరీ బెదరగొట్టకండి ఖానుమ్."

వీడు ఎన్ని తుడిచినా రేపు సంతకం పెట్టాల్సింది తనేననుకుని ఆమె వెళ్ళిపోయింది.

తెల్లారి ఆరింటికి కర్ర డెబ్భై నాలుగు చూపింది. గుంట తవ్వి చూస్తే అడుగున పాత మంచు పట్టు లేక పంచదారలా జలజలా రాలుతోంది. ఎనిమిదింటికల్లా లిఫ్టు ముందు జనం, తాజా మంచు పాడైపోతోందని గోల. బర్జీన్ లిఫ్టు తెరిచే కాగితం పట్టుకొచ్చాడు.

"సంతకం పెట్టండి."

"అంత నమ్మకముంటే మీరే పెట్టండి. పేరు గుండ్రంగా రాయండి, తర్వాత చదివేవాళ్ళు ఇబ్బంది పడకుండా."

అతను కలం మూత తీశాడు. శిఖరం వైపు చూశాడు. మళ్ళీ మూత పెట్టేశాడు.

పదింబావుకి పై వాలు మీది మంచు దానంతటదే విరిగి కిందికి జారింది. లిఫ్టు స్తంభాలు రెండు పుల్లల్లా ఒరిగాయి. మంచుధూళి వచ్చి అందరి ముఖాల మీద కొట్టింది. వాలు మీద ఒక్క మనిషీ లేడు. పావుగంట తిరక్కుండానే ఎవరో అడిగారు, "మరి కింది లిఫ్టు ఎప్పుడు తెరుస్తారు?"

మధ్యాహ్నం కూషా ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. "ఎలా కనిపెట్టారు ఖానుమ్? నాకూ చూపించండి."

అలా అడిగినవాడు ఇన్నేళ్ళలో అతనొక్కడే. ఆమె ఒక్క క్షణం మెత్తబడింది. గుంటలోకి దింపి, ఆ మంచు రవ్వల్ని అతని అరచేతిలో పోసి, ఓపిగ్గా చెప్పడం మొదలుపెట్టింది. రెండు నిమిషాలు విన్నాడు. తర్వాత ఫోను పైకెత్తి, గుంట కనబడేలా తన ఫొటో తీసుకున్నాడు.

మాహ్‌రుఖ్ పైకెక్కి పార అందుకుంది. అతను ఇంకా గుంటలోనే ఫోను చూసి నవ్వుతూ నిలబడి ఉండగానే దాన్ని పూడ్చడం మొదలుపెట్టింది.